కడలి వెంట కదిలే మనవారు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ శుభసమయంలో నాకిష్టమైన విషయాన్ని గురించి మాట్లాడే అవకాశం కల్పించిన ఉత్సవ సంఘం వారికి కృతజ్ఞుడను. సముద్రాన్నే పొలంగా చేసుకొని, చేపల వెంట రేవు నుండి రేవుకు తరలిపోయే జనుల సంప్రదాయ జీవనాన్ని గురించి చెప్పదలచాను. చుట్టూ కొండలే తప్ప కడలి కనబడని కోరాపుట్, రాయగడ జిల్లాలలో ఈ ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చు. ఆ సందేహానికి సమాధానం మన రాయగడను ఒరుసుకొనే పారుతున్నది.

కలహండి కొండలలో పుట్టిన నాగావళి మన జిల్లాను దాటి, పార్వతీపురం ప్రాంతం మీదుగా శ్రీకాకుళం చేరి, కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తున్నది. గుణుపురం మీదుగా పోయే వంశధార కళింగపట్నం వద్ద కలుస్తున్నది. రెండు నదులూ ఇంచుమించు 250 కిలోమీటర్లు నడిచేవే. ఆషాఢ శ్రావణాలలో మన కొండవాలుల మీద పడిన వాన ఎర్రమన్నును మోసుకొనిపోయి ఆ సంగమాల దగ్గర దించుతుంది. ఆ మన్నులోని సారంతో కంటికానని జీవులు పెరుగుతాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, చిన్న చేపలను తినడానికి పెద్ద చేపలు గుమికూడుతాయి. ఆ చేపలను పట్టేవారు తెలుగువారు. మనం ఏటి మొదట ఉన్నాము, వారు ఏటి చివర ఉన్నారు. అంతే భేదం.

మరొక బంధం కూడా ఉన్నది. బుధవారంనాడు చాటికొన సంతకు వెళ్లి చూడండి. నియమగిరి నుండి డొంగరియా కోందులు పసుపు, అల్లం, అనాసలు తెచ్చి అమ్ముతారు. తిరిగి వెళ్లేటప్పుడు వారి బుట్టలో ఉప్పుతోపాటు ఎండుచేపల పొట్లం ఉంటుంది. ఒడియావారు సుకువా అంటారు. పూర్వం తీరప్రాంతపు ఉప్పును లంబాడీలు ఎద్దుల మీద వేసుకొని సాలూరు ఘాటు ఎక్కి జయపురం సంస్థానానికి, అక్కడి నుండి బస్తరుకు చేర్చేవారు. అందుచేత సముద్రం మనకు కనబడకపోయినా, దాని రుచి తెలియని ఇల్లు ఈ కొండలలో లేదు.

ప్రపంచంలో నిజంగా నీటి మీదనే కాపురముండే జాతులు కొన్ని ఉన్నవి. మన అండమాను సముద్రానికి ఆవలి ఒడ్డున, బర్మా, థాయిలాండు దేశాల చిన్నచిన్న దీవుల నడుమ మోకెన్ అనే జనులున్నారు. కబాంగ్ అనే పడవే వారికి ఇల్లు. ఎండకాలమంతా కుటుంబాలు పడవలలోనే దీవి నుండి దీవికి తిరిగి, వర్షకాలంలో ఒడ్డున గుడిసెలు వేసుకొనేవారు. ఫిలిప్పీన్స్, మలేషియా, ఇండోనేషియా జలాలలో బజావులు అటువంటివారే. బజావుల ప్లీహం ఒడ్డున ఉండే పొరుగువారి ప్లీహం కంటె ఇంచుమించు సగం మేర పెద్దదిగా ఉన్నదనీ, తరతరాలుగా ఊపిరి బిగబట్టి మునగడం వలన ఆ లక్షణం వారి రక్తంలోనే నిలిచిందనీ 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మోకెన్ పిల్లల సంగతి ఇంకా చిత్రమైనది. నీటి అడుగున వారి చూపు యూరపు పిల్లల చూపు కంటె రెండింతలు స్పష్టంగా ఉన్నదని 2003లో స్వీడన్ దేశపు పరిశోధకులు కనుగొన్నారు. కనుపాపను బాగా కుదించుకొని చూడడం వారికి అలవడింది. తరువాత అదే పరిశోధకులు స్వీడన్ పిల్లలకు శిక్షణ ఇచ్చి చూశారు. వారికీ వచ్చింది! అనగా ఇది పుట్టుకతో వచ్చినది కాదు, నేర్చుకొన్నది. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని గమనించాలి. రక్తంలో ఉన్నది నేర్పకున్నా పోదు. నేర్చుకొన్నది మాత్రం ఒక్క తరం నేర్పకపోతే పోతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, సముద్రం ఉన్నట్టుండి వెనుకకు తీయడం చూసి సురిన్ దీవులలోని మోకెన్ పెద్దలు తమవారిని గట్టుమీదికి తరలించారు. మనుషులను మింగే 'లాబూన్' అనే అల కథ వారు తాతల నోట విన్నారు. ఆ కథ వారి ప్రాణాలు కాపాడింది.

మన ఉత్తరాంధ్ర జాలరులు ఏడాది పొడుగునా పడవలోనే కాపురముండేవారు కారు. కాని చేప ఎక్కడుంటే అక్కడికి తెప్పలతో తరలిపోయి, ఇసుక మీద తాటాకు గుడిసె వేసుకొని, కాలం మారగానే మరొక రేవుకు పోయే జీవనం ఉత్తరాంధ్ర తీరపు వాడబలిజలది, జాలరులది. 'వాడ' అంటే ఓడ అని ఆ కులపెద్దలు చెప్పుకొంటారు. విశాఖపట్నం నుండి కళింగపట్నం, బారువ, గోపాలపురం, పూరీ, పారాదీపు వరకు వారి పల్లెలు దండలో పూసలవలె కనిపిస్తాయి. ఒడిశాలో వారిని నోలియాలంటారు. పూరీ సముద్రతీరంలో మొన తేలిన తెల్లటోపీలు పెట్టుకొని, యాత్రికులను చేయిపట్టి స్నానం చేయించే నోలియాలను మీలో అనేకులు చూసే ఉంటారు. జగన్నాథుని దర్శనానికి వెళ్లిన మన తెలుగు కుటుంబాలు వారితో వచ్చీరాని ఒడియాలో బేరమాడుతుంటే, వారు చక్కని శ్రీకాకుళపు తెలుగులో బదులిస్తారు. పూరీలోని పెంఠకటా అనే పెద్ద మత్స్యకార వాడలో ఈనాటికీ ఇళ్లలో వినబడేది తెలుగే.

వారి తెప్పను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తేలికైన కర్ర దూలాలను నాలుగైదింటిని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కడితే తెప్ప. దానికి మేకు లేదు, గర్భం లేదు. నీరు లోపలికి వచ్చి మునిగే భయం లేదు. ఎందుకంటే లోపల అన్నదే లేదు. అల మీదనుండి పోతుంది, దూలాల సందులనుండి కారిపోతుంది. ఒడ్డుకు వచ్చాక ముడులు విప్పి దూలాలను ఇసుకమీద ఆరబెడతారు. నీరు పీల్చిన దూలం బరువెక్కుతుంది కనుక తెప్పకు కూడా విశ్రాంతి కావాలి. ఇంగ్లీషువారు నేడు రెండు దేహాల విలాసనౌకకు కెటమరాన్ అని పేరు పెట్టుకొన్నారు. ఆ మాట 'కట్టిన మాను' అనే అర్థంలోని తమిళపు మాట నుండి పోయినదే. పేరు వారు తీసుకొన్నారు, తెప్ప మనవారికి మిగిలింది.

పడవ వేరు. పలకలను కొబ్బరినార తాడుతో కుట్టి చేసిన పడవను మసులా పడవ అనేవారు. మేకులతో బిగించిన గట్టి పడవ ఒడ్డున విరిగే అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టుపడవ వంగుతుంది, సాగుతుంది, మళ్లీ కుదురుకొంటుంది. విశాఖపట్నంలో ఓడరేవు ప్రారంభమైనది 1933లో. అంతకు పూర్వం కళింగపట్నంలోనైనా, గోపాలపురంలోనైనా ఆవిరి ఓడలు దూరాన లంగరు వేసి నిలిచేవి. సరుకును, మనుషులను అలలు దాటించి ఒడ్డుకు చేర్చినది ఈ పడవలే. బ్రతుకుతెరువుకు రంగూను పోయిన మన తెలుగు కూలీలు తొలిగా కాలుమోపిన పడవ ఇదే. వారి కథలు మనం ఎన్నో విన్నాము. అలలు దాటించిన చేతుల కథ ఎవరూ చెప్పలేదు.

తీరం కానరాని చోట దారి ఎట్లా తెలుస్తుంది? రాత్రి అయితే చుక్కలు. పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క మన పొలాల రైతులకు ఎంత పరిచయమో వారికీ అంతే. పగలైతే కొండలు. ఈ ముచ్చట కొండప్రాంతపు పిల్లలు ప్రత్యేకంగా వినాలి. నీటి అడుగున రాతిగుట్టలున్న చోట చేప నిలుస్తుంది. ఆ చోటు మరునాడు మళ్లీ దొరకడానికి సముద్రం మీద గుర్తు పెట్టలేము గదా! అందుచేత ఒడ్డువైపు చూస్తారు. తీరాన ఉన్న తాటితోపు, దాని వెనుక దూరాన ఉన్న కొండకొమ్ము ఒకే వరుసలోకి వస్తే ఒక గీత. మరొక వైపు ఒక గుడి శిఖరమో దీపస్తంభమో, దాని వెనుక మరొక కొండో ఒకే వరుసలోకి వస్తే రెండవ గీత. రెండు గీతలు ఖండించుకొన్న చోట వల వేస్తారు. మీ జ్యామితి పుస్తకంలో ఉన్న సిద్ధాంతాన్ని అక్షరం రాని తాత మనుమడికి తెప్ప మీద నేర్పుతాడు. ఒడ్డు నుండి ఎంత దూరం వచ్చామో కూడా కొండలే చెబుతాయి. ముందు చెట్లు నీటిలో మునిగిపోతాయి, తరువాత చిన్న గుట్టలు, ఆ తరువాత పెద్ద కొండలు. 1,501 మీటర్ల మహేంద్రగిరి అందరికంటె చివర మునుగుతుంది. మనం నివసించే ఈ తూర్పు కనుమలు వారికి సూచికా ఫలకాలన్నమాట.

నీటి పోకడ సంగతి కూడా చూడండి. మాఘ ఫాల్గుణాలలో మన తీరం వెంబడి నీరు దక్షిణం నుండి ఉత్తరానికి సాగుతుంది. ఆశ్వయుజ కార్తీకాలలో ఉత్తరం నుండి దక్షిణానికి మళ్లుతుంది. సముద్ర శాస్త్రజ్ఞులు పరికరాలతో దీనిని కొలిచి పటాలు గీశారు. నీటి మీద పుట్టి పెరిగినవారికి అది వల లాగే చేతికే తెలుస్తుంది.

వేటకు మగవారు పోతే, తక్కిన వ్యవహారమంతా ఆడవారిది. తెప్ప ఒడ్డెక్కగానే చేప మగవాని చేయి దాటుతుంది. వేరుచేయడం, బేరం, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మడం, మిగిలినది ఉప్పుపట్టి ఇసుకమీద ఎండబెట్టడం, అప్పు తేవడం, తీర్చడం అన్నీ వారివే. పట్టిన చేపను వాటాలు వేస్తారు. తెప్పకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. ఒడ్డునుండి లాగే అలివి వలకైతే రెండు కొసల దగ్గరా పదులకొద్దీ మనుషులు కావాలి, కనుక వాటాలూ అన్నే. యజమాని, కూలి అనే భేదం వాటా పద్ధతిలో పలుచగానే ఉండేది. చేప పడని నాడు అందరికీ పస్తే.

దేవతల విషయం చెప్పకుండా ముందుకు పోలేను. గంగమ్మ సరే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో ఈ తీరపు వాడల దేవతల పట్టిక ఒకటి ఉన్నది. అందులో బెంగాలీ బాబు అని ఒక దేవుడు! టోపీ పెట్టుకొని నల్లగుర్రమెక్కి తిరుగుతూ వలలు నింపుతాడట, సముద్రం మీద ఆపద రాకుండా కాస్తాడట. తెలుగు జాలరి గూటిలో బెంగాలీ దేవుడెట్లా చేరాడు? పైరుపంటల వారి దేవత ఊరి పొలిమేర దాటదు. తిరిగే జనుల దేవతలు కూడా తిరుగుతారు. వంగదేశపు నీళ్లతో వీరికి ఎంత రాకపోకలున్నవో చెప్పడానికి నాకు ఈ దేవునికంటె మంచి సాక్షి కనబడడు. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ పక్షాన ఎం. సూర్యనారాయణగారు ఉత్తరాంధ్ర తీర మత్స్యకారులపై రచించిన గ్రంథం 1977లో వెలువడింది. మన గ్రంథాలయంలో ఉండవలసిన పుస్తకమది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడినప్పుడు అంతవరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న మన జయపురం, కోరాపుట్, రాయగడ ప్రాంతాలు ఇటు వచ్చాయి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయింది. భూమిమీద గీసిన ఆ గీత మన చదువులను, ఉద్యోగాలను, బంధుత్వాలను ఎట్లా మార్చిందో ఈ సభలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. నీటిమీద గీత నిలవదు. ఇచ్ఛాపురం దగ్గర తెప్ప మీద ఉన్నవానికి ఏ రాష్ట్రంలో ఉన్నాడో చేప చెప్పదు. కొన్ని కుటుంబాలు వేటకాలమంతా పూరీ తీరాన ఉండి, పండుగలకు, పెండ్లిళ్లకు శ్రీకాకుళం వైపు పల్లెలకు తిరిగివచ్చేవి. క్రమంగా కొందరు అక్కడే స్థిరపడ్డారు. స్వాతంత్ర్యానంతరం కొందరు అండమానుకూ చేరారు.

ఆ తరలిపోవడంలో ఒక గౌరవం ఉండేది. తెప్ప వారిది, వల వారిది, వెంట భార్యాబిడ్డలు. ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు తిరిగిరావాలో వారే నిర్ణయించుకొనేవారు. 1960, 70 దశకాలలో మరపడవలు వచ్చాయి. పెద్ద హార్బరులు కట్టారు. రొయ్యకు విదేశాలలో ధర వచ్చింది. ఒడ్డుకు దగ్గరగా ట్రాలర్లు అడుగు ఊడ్చిపెట్టసాగాయి. తెప్ప దూలాల స్థానంలో ఫైబరు తెప్ప, తెరచాప స్థానంలో ఇంజను చేరాయి. వీటివలన శ్రమ తగ్గినమాట నిజమే. నేను పాతకాలాన్ని పొగడడానికి రాలేదు. తెరచాప కాలంలో తుపానుకు పోయిన ప్రాణాలెన్నో లెక్క లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2019లో ఫణి వచ్చినప్పుడు ముందస్తు హెచ్చరికల వలన వేలమంది బ్రతికారు. కాని ఇంజనుకు డీజిలు కావాలి, డీజిలుకు పెట్టుబడి కావాలి, పెట్టుబడి పెట్టినవాడు వాటా కాక వడ్డీ అడుగుతాడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఋషికుల్య సంగమం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు నుండి మే నెలాఖరు వరకు మరొక నిషేధం. తాబేలు బ్రతకవలసినదే. ఆ ఏడు నెలలూ ఆ ఒడ్డున మనిషి ఎట్లా బ్రతకాలో మాత్రం అంత శ్రద్ధగా ఎవరూ ఆలోచించినట్లు లేదు.

చివరకు ఏమైనది? శ్రీకాకుళం, విజయనగరం తీరపు యువకులు వేలసంఖ్యలో దేశానికి ఆ కొసన ఉన్న గుజరాతులోని వేరావల్ రేవుకు కూలీలుగా పోతున్నారు. పడవ తమది కాదు, వల తమది కాదు, నీరు తమకు తెలిసిన నీరు కాదు. అక్కడ గుర్తుపట్టడానికి మహేంద్రగిరి లేదు. నడిపించే నాయకుని తండేలు అంటారు. 2018 నవంబరులో ఇట్లా వెళ్లిన 22 మంది మత్స్యకారులు పాకిస్తాను వారి చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు. వారు చెరలో ఉన్న ఆ పదమూడు నెలలు డి. మత్స్యలేశం వంటి పల్లెలలో ఆడవారే అధికారుల చుట్టూ తిరిగారు. ఈ ఉదంతం ఆధారంగా 2025లో 'తండేల్' అనే చలనచిత్రం వచ్చింది, మీలో చాలమంది చూశారు. వారు తిరిగివచ్చిన కొద్ది వారాలకే కరోనా వచ్చింది. వేలాది మత్స్యకారులు వేరావల్‌లో పడవల మీదనే వారాల తరబడి చిక్కుకొన్నారు. ఏప్రిల్ చివర, మే మొదట బస్సులలో ఇళ్లకు చేరారు. ఒకప్పుడు చేప వెంట పోయినవారు నేడు కూలి వెంట పోతున్నారు. రెంటినీ వలస అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నాము. ఆ మాట నాకు చాలదనిపిస్తుంది.

తండ్రి వేరావల్‌లో ఉంటే కొడుకుకు తెప్ప మీద గీతలు గీయడం ఎవరు నేర్పుతారు? పూరీ పిల్లలకు ఇంకొక చిక్కు. ఇంట తెలుగు, బడిలో ఒడియా. ఒడియా నేర్వడం అవసరమే, మనమూ నేర్చుకొన్నాము. కాని గాలికి, నీటి పోకడకు, చేపకు, వలకు ఉన్న పేర్లు తెలుగులో ఉన్నవి, అవి ఏ వాచకంలోనూ లేవు. ఇంట తెలుగు మాటాడే పిల్లవాడు తెలుగు వ్రాయలేకపోతే, ఆ మాటలు తాతతోనే పోతాయి. రాష్ట్రం మారినా తెలుగు అక్షరాన్ని 75 ఏండ్లు విడువకుండా పట్టుకొన్న బడి మనది. ఇక్కడి పిల్లలకు అక్షరం ఉన్నది, కడలి లేదు. అక్కడి పిల్లలకు కడలి ఉన్నది, అక్షరం లేదు. మనబడి నుండి అయిదారుగురు పెద్ద పిల్లలను సెలవులలో ఒక ఉపాధ్యాయుని వెంట కళింగపట్నానికి, ఆ తరువాత పూరీకి పంపి, అక్కడి వృద్ధుల నోట ఈ మాటలను వ్రాయించి తెప్పిస్తే ఎంత ఖర్చవుతుందో పూర్వ విద్యార్థి సంఘం వారు లెక్క చూడాలని కోరుతున్నాను. ఈ జ్ఞాపికా సంచిక ముద్రణకయ్యే ఖర్చులో అది చిన్న భాగమే అయి ఉంటుంది.

అంతవరకు ఆగనక్కరలేని పని ఒకటి ఇప్పటికే మొదలైనది. ఈ సభ పక్కగదిలో ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, వల అల్లే వెదురు సూది, కాల్చిన మట్టి గుండ్లు కట్టిన పాతవల ముక్క పక్కన, ఏడవ తరగతి పిల్లలు తయారుచేసిన ఒక పట్టిక గోడకు వ్రేలాడుతున్నది. మన సంతకు వచ్చే ఎండుచేపల పేర్లను అమ్మేవారి నోట విని వ్రాశారు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, సావళ్లు, సొర. ఒక గడిలో తెలుగు పేరు, ఒక గడిలో ఒడియా పేరు. మూడవ గడి కువి భాషకు కేటాయించారు, అది ఇంకా ఖాళీగా ఉన్నది. వచ్చే బుధవారం చాటికొన సంతలో డొంగరియా అవ్వలను అడిగి ఆ గడి నింపుతామని పిల్లలు చెప్పారు. తల్లిదండ్రులు ఆ ఒక్కపూట వారిని పంపవలసినదిగా ప్రార్థన. బస్సు ఉదయం ఏడు గంటలకు బడి ముందు నుండే బయలుదేరుతుంది.